జనుము తొక్కిన మడి

నెక్కొండ స్టేషనుకు రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో, చెరువు తూము కింద మొట్టమొదటి మడి మొండయ్యది. రెండెకరాల నేల. తూములోంచి దూకిన నీళ్లు ముందు ఆ మడిని తడిపి, ఆ తర్వాతే కిందనున్న దొర పొలాలకు పోయేవి. అంత మంచి మడి రెండేళ్లుగా సాగు లేక పడావు పడి ఉంది.

రెండేళ్ల కిందట దొర గడీకి దూలాలు తోలే వెట్టికి పోయినప్పుడు బండి ఒరిగి మొండయ్య కుడికాలు మీద పడింది. దవాఖాన వరంగల్‌లో ఉంది, తీసుకుపోయే దిక్కు లేదు. ఊరి మంత్రసాని భర్త కట్టు కట్టాడు. ఎముక వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి మొండయ్య కర్ర ఊతంతో వాకిలి దాకా నడవగలడు గానీ, నాగలి వెనక నడవలేడు. మడిలోకి తుంగ వచ్చింది. దాని వెంట గరిక వచ్చింది. రెండు వానాకాలాలు గడిచేసరికి, అందులో ఒకప్పుడు వరి పండిందంటే కొత్తవాళ్లు నమ్మని స్థితికి వచ్చింది.

ఆ వేసవిలో ఒక పొద్దున దొర గుమాస్తా పాండురంగం గొడుగు వేసుకుని వాళ్ల వాకిట్లోకి వచ్చాడు. మొండయ్య లేవబోయి తూలి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. అతని భార్య బక్కమ్మ జొన్నలు చెరుగుతున్నది. చేట ఆపలేదు.

"ఈ వానకాలం నాటు పడకపోతే మీ మడి తన సొంత సాగుల కలుపుకుంటనన్నడు దొర. చెప్పి రమ్మన్నడు," అన్నాడు పాండురంగం.

"నాటు ఏత్తం," అంది బక్కమ్మ.

"దేంట్ల ఏత్తవే బక్కీ? ఆ తుంగలనా?"

"తుంగ తీసినంక."

"అది తీసుడు మీ అయ్య తరం గూడ గాదు. నీ మొగడు సూత్తే గిట్లున్నడు." పాండురంగం గొడుగు భుజం మార్చుకున్నాడు. "దొర మంచోడు గనుక ముందుగాల చెప్పి పంపిండు. మల్ల చెప్పలేదనకుండ్రి."

అతను పోయాక మొండయ్య గోడవారనే కూలబడ్డాడు. "ఇగ పోయినట్టే," అన్నాడు మెల్లగా.

బక్కమ్మ చేట పక్కన పెట్టి, దొడ్లోకి పోయి ఎడ్లను చూసింది. రెండేళ్లుగా అడపాదడపా బండికి తప్ప పని లేని ఎడ్లు. కట్టుకొయ్య దగ్గర నిలబడి చెవులు ఆడిస్తున్నాయి. కాడి ఎక్కడుందో వెతికి దుమ్ము దులిపింది.

"నువ్వు కడ్తవా నాగలి?" మొండయ్య వాకిట్లోంచి అడిగాడు. "ఆడిది నాగలి పడితె ఊరు నవ్వుతది."

"నవ్వనీ. మడి పోయినంక నవ్వరా?"

ఊరు నవ్వింది కూడా. ఆడది దున్నితే వాన వెనక్కి పోతుందని పెద్దమనుషులు ఇద్దరు మొండయ్యకు చెప్పి పోయారు. బక్కమ్మ నాగలి చాలు వంకరటింకరగా పోతుంటే గట్టు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. మూడో రోజుకి చాలు తిన్నగా రాసాగింది. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఆముదం రాసి గుడ్డ చుట్టుకుని మళ్లీ మేడి పట్టింది.

దున్నిన కొద్దీ భూమిలోంచి తుంగగడ్డలు బయటపడ్డాయి. నల్లగా, కుంకుడుగింజలంత గడ్డలు, ఒకదానికొకటి దారాలతో కట్టినట్టు. వాటిని గంపలకెత్తి గట్టు మీద ఎండబోసింది. ఎన్ని ఏరినా సగం అడుగునే ఉండిపోయాయని ఆమెకు తెలుసు. తుంగతో వచ్చే చిక్కే అది. పైన కోస్తే నాలుగు రోజుల్లో మళ్లీ లేస్తుంది. దున్నితే ఒక గడ్డ రెండు ముక్కలై రెండు మొక్కలవుతుంది.

బక్కమ్మ పుట్టిల్లు డోర్నకల్ దగ్గర. తండ్రి సారయ్య చెరువు కింద సేద్యంలో తల నెరిసినవాడు. వేసవి దున్నకం అయ్యాక ఆమె రైలెక్కి తండ్రి దగ్గరికి పోయింది. సారయ్య కూతురి అరచేతులు తిప్పి చూశాడు. మడి సంగతి మొత్తం విన్నాక, లోపలికి పోయి ఒక గోనెసంచి తెచ్చి ముందు పెట్టాడు.

"జనుము," అన్నాడు. "తుంగ దేనికన్న ఓరుస్తది గని నీడకు ఓర్వదు బిడ్డా. మొదటి వాన పడంగనే ఇత్తకు. ఆగు. ముందుగాల తుంగనే మొల్వనీ. అది బెత్తెడు లేసినంక గుంటక తోలు, పైపైనే కొయ్యి, లోతు దున్నకు. మల్ల లేస్తది, మల్ల కొయ్యి. అప్పుడు జనుము సల్లు. ఒత్తుగ సల్లు, చెయ్యి ముడుసుకోకు. మనిషి సొర్రకుంట పెరగాలె."

"పెరిగినంక?"

"పూత మొదలుగాంగనే మడిల నీళ్లు పెట్టి తొక్కెయ్యాలె. పూత దాటనిచ్చినవో, కాడ నార పడ్తది. నార పడ్డ జనుము తాళ్లకు పనికొస్తది గని మట్టిల మురగదు. వారం పది దినాలే నీ చేతులుండేది. ఆ దినాలు పోగొట్టుకోకు."

రోహిణి కార్తె చివర్లో వాన పడింది. ఊరంతా విత్తనాలకు పరుగెత్తింది. బక్కమ్మ మడిలో మాత్రం తుంగే లేచింది, పచ్చటి సూదులు గుచ్చినట్టు. అయినా ఆమె గట్టు మీద కూర్చుని చూస్తూ ఉంటే, పిచ్చి పట్టిందనుకున్నారు. బెత్తెడు లేచాక గుంటక తోలింది. మృగశిరలో రెండో వానకు మళ్లీ లేచింది, ఈసారి సగమే. మళ్లీ గుంటక తోలింది. మర్నాడు నడుముకి ఒడి కట్టుకుని జనుము గింజలు చల్లింది. గట్టు దగ్గర ఒక మూలన నారుమడి పోసుకుని వడ్లు కూడా చల్లింది.

వరిమడిలో తాళ్లు పేనే నార వేసిందని గట్టు మీద నవ్వులు కొత్తగా మొదలయ్యాయి. కానీ ఇరవై రోజులకు ఆ నవ్వులు తగ్గాయి. జనుము మోకాలు దాటింది. నెలకు నడుం దాటింది. మొక్కకు మొక్క ఆనుకుని ఎంత ఒత్తుగా నిలబడిందంటే, కుక్క కూడా చుట్టూ తిరిగిపోయేది గానీ లోపలికి దూరేది కాదు. బక్కమ్మ కూర్చుని మొదళ్లు విడదీసి చూసింది. కింద తుంగ ఉంది. కానీ ఎండ మొహం చూడక పాలిపోయి, పసుపు దారంలా నేలకు వాలిపోయి ఉంది. దాన్ని వేళ్లతో పట్టి లాగితే వదులుగా వచ్చేసింది. చాలాసేపు ఆ మొక్కని అరచేతిలోనే పెట్టుకుని కూర్చుంది. ఇంటికి వచ్చి మొండయ్య ఒళ్లో పడేసింది.

"సచ్చిందా?" అన్నాడు మొండయ్య.

"సత్తాంది."

పునర్వసు పోయి పుష్యమి వచ్చింది. చెరువులోకి నీళ్లు వచ్చాయి. జనుము కొసలకు పసుపుపచ్చ మొగ్గలు కనబడిన రోజే దొర కచ్చురం బండి తూము పక్కనుంచి పోయింది. దొర బండి ఆపించి చూశాడట. మర్నాడు పాండురంగం మళ్లీ వచ్చాడు. ఈసారి గడీలో నౌకరీ చేసే సుంకరి కట్టయ్య కూడా చేతిలో కర్రతో వెంట ఉన్నాడు.

"దొరకు నీ జనుము నచ్చింది," అన్నాడు పాండురంగం. "తెల్లోళ్ల లడాయి మొదలైనకాడికెల్లి మోటలకు తాళ్లు దొరుకుత లెవ్వు. నార పడేదాంక దాన్ని ఎవ్వలు ముట్టొద్దన్నడు. కొయ్యొద్దు, దున్నొద్దు."

"నార పడేటాల్లకు దసర దాటుతది," అంది బక్కమ్మ. "మరి నాటెప్పుడెయ్యాలె?"

"అది నాకేం ఎరుక?"

"నాటెయ్యకపోతె మడి గుంజుకుంటమన్నది మీరే. నాటెయ్యకుంట జనుము ఉంచుమన్నది మీరే. ఈ రెండు మాటలు ఒక్క నోట్లెకెల్లే వచ్చినయా అయ్యా?"

పాండురంగం మొహం మాడింది. కట్టయ్య కర్రతో నేల మీద గీతలు గీస్తూ తల దించుకున్నాడు. "ఎక్కువ మాట్లాడుతానవు బక్కీ," అని మాత్రం అని పాండురంగం వెళ్లిపోయాడు.

అన్నం తినేటప్పుడు మొండయ్య అన్నాడు, "జనుము ఇచ్చేద్దాం. గడీకి పొయ్యి కాళ్ల మీద పడితె మడి ఇడిసిపెడ్తడేమొ. అడుక్కుందాం."

"అడిగితె ఇచ్చేటోడైతే ముందుగాల నీ కాలు అడుగు," అంది బక్కమ్మ.

మొండయ్య ముద్ద కంచంలోనే వదిలి, వంకర కాలు రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. బక్కమ్మ ఆ కంచాన్ని మళ్లీ అతని ముందుకు జరిపింది.

రెండు రోజులకు తూము విప్పారు. విప్పిన పొద్దునే కట్టయ్య వచ్చి ఎడ్లను విప్పుకుపోయాడు. ముందు దొర పొలాలు దున్నాకే ఊరివాళ్లు తమవి దున్నుకోవాలన్నది ఎప్పటినుంచో ఉన్న కట్టడి. ఏటా నాలుగు రోజులకు తిరిగి వచ్చే ఎడ్లు ఈసారి ఎప్పుడొస్తాయో కట్టయ్యకే తెలియదు. "నన్ననకు వదినె, నేను చెప్పింది చేసేటోన్ని," అన్నాడు పలుపు చేతికి చుట్టుకుంటూ.

బక్కమ్మ మడి దగ్గరికి పోయింది. మొగ్గలు విచ్చుకుంటున్నాయి. ఒక కాడ విరిచి చూసింది. లోపల ఇంకా మెత్తగా, నీరుగా ఉంది. ఇంకో వారం పోతే ఇలా విరగదు. వేళ్లకు చుట్టుకుంటుంది. ఎడ్లు లేవు, నాగలి లేదు. జనుములో ఆగిన నీళ్ల మీద ఎండ పడి మెరుస్తున్నది.

అక్కణ్ణుంచి నేరుగా కూలోళ్ల వాడకు నడిచింది. ఆ వాడ ఆడవాళ్లకు పెద్దదిక్కు మల్లక్క. నాట్లకు పాట ఎత్తేది ఆమే, ఏ మడికి ఎందరు దిగాలో చెప్పేది ఆమే. దొర నాట్లు మర్నాడు మొదలు. ఆ నాట్లు వెట్టి. గింజ ఇవ్వరు, గంజి పోయరు.

"ఎడ్లు లేకపోతె కాళ్లున్నయి," అంది బక్కమ్మ. "పది మంది దిగితె ఒక్క పొద్దుల తొక్కచ్చు. ముందుగాల నా మడిల దిగుండ్రి. తర్వాత మీ ఇష్టం."

"దొర మడి ఇడిసి నీ మడిల దిగితె వీపు మీద తోలుంటదా?" అంది మల్లక్క.

"ఉండదు. నాకూ ఉండదు. నీళ్లు రాంగనే ఎడ్లను గుంజుకపోయిండ్రు. ఎందుకో నీకెరుక. నాది పోయినంక తూము కిందికి ఎవల మడి ఉన్నదో సూసుకుంటరు."

మల్లక్క లోపలికి చూసింది. గుడిసె లోపల ఆమె కోడలు పిల్లకు పాలిస్తున్నది. రెండేళ్ల కిందటి నాట్లప్పుడు ఆ కోడలు కాన్పై మూడు రోజులు కూడా కాలేదు. కట్టయ్యనే పంపి మడిలోకి దింపించారు. పచ్చి బాలింత మధ్యాహ్నానికి బురదలో కూలిపోతే మల్లక్కే భుజాన వేసుకుని మోసుకొచ్చింది. తల్లి ఆ జబ్బుతో మంచాన పడితే, మొదటి పిల్ల పాలు లేక చనిపోయింది.

"పాట ఏది పాడాలె?" అని అడిగింది మల్లక్క.

తెల్లవారి పొద్దు పొడవగానే పదకొండుమంది ఆడవాళ్లు చీరలు మోకాళ్ల పైకి దోపుకుని బక్కమ్మ మడి గట్టు మీదికి వచ్చారు. నలుగురు కొడవళ్లు పట్టి ముందు నడిచారు. జనుమును మొదలుకు కోసి, ఒకవైపే తల పెట్టి నీళ్లలో వాల్చారు. వెనక బక్కమ్మతో కలిసి ఏడుగురూ చేతులు చేతులు పట్టుకుని వరసగా నిలబడి తొక్కడం మొదలెట్టారు. మల్లక్క పాట ఎత్తింది. కాలు పడినప్పుడల్లా పచ్చికాడ పటపట విరిగింది. బురద పచ్చగా చిమ్మి మొహాల దాకా వచ్చింది. కాళ్ల కింద జారుతుంటే ఒకరిని ఒకరు పట్టుకుని నవ్వుకున్నారు. పచ్చి రొట్ట వాసన ఊరి దాకా పోయింది.

బక్కమ్మ తల ఎత్తేసరికి గట్టు మీద మొండయ్య ఉన్నాడు. అంత దూరం కర్ర మీద ఎప్పుడు బయల్దేరాడో, ఎక్కడెక్కడ ఆగాడో. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది. కర్ర గట్టున పడేసి, కూర్చున్నచోటనే జరుగుతూ మడిలోకి దిగి, బురదలో కూలబడి, చేతికందిన జనుమును కొడవలితో కోయసాగాడు.

"కాలు నానుతది, ఇంటికి పో," అంది బక్కమ్మ.

"నా మడి," అన్నాడు మొండయ్య. తల ఎత్తలేదు.

పొద్దు బారెడెక్కేసరికి ముప్పావు మడి అయింది. అప్పుడు వచ్చాడు పాండురంగం, వెనక కట్టయ్య. మల్లక్క లేనిదే మిగతా ఆడవాళ్లు కూడా కదలక, దొర పొలంలో నారు పీకి కట్టలు కట్టడానికి ఒక్కరూ రాలేదని చూసి, పాట వినపడిన వైపు వచ్చారు.

"దొర ముట్టొద్దన్న జనుము," అన్నాడు పాండురంగం. "బయటికి రండే అందరు."

పాట ఆగింది. కొందరి చేతులు విడిపోయాయి. బక్కమ్మ వరస మధ్యలోంచి ముందుకు వచ్చి, మోకాళ్లలోతు బురదలో గట్టుకు ఎదురుగా నిలబడింది.

"ఇత్తనం మా అయ్యది. దున్నిన చేతులు నాయి. మడి నా మొగనిది. దొరది ఇందుల ఏమున్నదో చూపియ్యుండ్రి, అది తీసి గట్టు మీద పెడ్త."

"కట్టయ్యా, గుంజుకురా దాన్ని."

కట్టయ్య మడిలోకి ఒక కాలు పెట్టాడు. బురదలో కూర్చున్న మొండయ్య కొడవలి కింద పెట్టకుండానే అతని వైపు చూశాడు. నారుమడి దగ్గర మల్లక్క మళ్లీ పాట ఎత్తింది, ముందుకన్నా గట్టిగా. విడిపోయిన చేతులు మళ్లీ కలిశాయి. కట్టయ్య కాలు వెనక్కి తీసుకుని, "బురద బాగ లోతున్నదయ్యా," అన్నాడు.

మిగిలిన పావు మడి కూడా వాళ్లు చూస్తుండగానే అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే గడీ నుంచి పిలుపు వచ్చింది. బక్కమ్మ చీర మార్చుకుని పోయింది. దొర లోపల ఉయ్యాల బల్ల మీద కూర్చుని, ఆమె వైపు చూడకుండానే ఎండలో నిలబెట్టమన్నాడు. ముంగిట్లో బండల మీద, చెప్పుల్లేకుండా. వంగి తప్పు చెప్పుకునేదాకా కదలనివ్వవద్దన్నాడు. జాము గడిచింది. బండలు కాలాయి. బక్కమ్మ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంది. అంతే. వంగలేదు. ఒకసారి కళ్లు తిరిగితే గోడ మీది కాకిని చూస్తూ ఊపిరి పీల్చుకుని నిలదొక్కుకుంది.

ఆ పొద్దున ఆడవాళ్లు దొర పొలానికి పోయారు. నారు పీకారు, కట్టలు కట్టారు, మళ్లలో విసిరారు. నాటు వేయబోయేముందు బక్కమ్మను గడీలో నిలబెట్టారన్న కబురు వచ్చింది. మల్లక్క చేతిలో నారు కింద పెట్టి గట్టెక్కింది. ఆమె వెనక మిగతావాళ్లూ ఎక్కారు. ఎవరినీ తిట్టలేదు, పారిపోలేదు. గట్టు పొడుగునా కూర్చున్నారంతే. ముప్పై మంది.

పాండురంగం వచ్చి బెదిరించాడు, బతిమాలాడు. "బక్కమ్మ వచ్చినంకనే," అంది మల్లక్క. దున్ని చదును చేసిన మళ్లలో నారుకట్టలు పడి ఉన్నాయి. ఎండకు పై కొసలు ముడుచుకుంటున్నాయి. పీకిన నారు ఎక్కువసేపు ఆగదు. పక్క తాలూకాలో వెట్టి చెయ్యొద్దనే సంఘపోళ్లు వచ్చారనీ, అక్కడి గడీలకు పనివాళ్లు పోవడం లేదనీ నెల నుంచి వినబడుతున్నది. కొట్టిస్తే ఈ ముప్పై మంది మళ్లీ మడిలో దిగుతారన్న నమ్మకం పాండురంగానికి లేదు. గొడుగు మరచిపోయి గడీకి పరుగెత్తాడు.

అతను లోపలికి పోయి దొర చెవిలో ఏదో చెప్పడం బక్కమ్మకు కనిపించింది. ఉయ్యాల ఆగింది.

"పో," అన్నాడు దొర లోపలినుంచే.

బక్కమ్మ కదలలేదు. "ఎడ్లు," అంది.

"ఏందే?"

"నా ఎడ్లు ఇడిపియ్యుండ్రి. తోలుకోని పోత."

గడీలో అంతకుముందు ఎవరూ అలా అడిగి ఎరగరు. దొర లేచి గుమ్మం దాకా వచ్చాడు. బక్కమ్మ అతని మొహం కేసే చూసింది, నేల చూపు చూడలేదు. పాండురంగం మధ్యలో "నారు ఎండుతాంది దొరా," అని గొణిగాడు. దొర చెయ్యి విసిరి లోపలికి పోయాడు. కట్టయ్య దొడ్డిదారిన ఎడ్లను తెచ్చి పలుపు ఆమె చేతికిచ్చాడు.

ఆమె ఎడ్లను తోలుకుని తూము గట్టు మీదుగా వస్తుంటే ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి మడిలోకి దిగారు. అరికాళ్లు బొబ్బలెక్కి బక్కమ్మ కుంటుతున్నది.

పన్నెండు రోజులకు జనుము మురిగింది. కాలు పెడితే వెన్నలోకి దిగినట్టు మడిలోకి దిగింది. నీళ్లు నల్లబడ్డాయి, బుడగలు లేచాయి. ఒక్క చాలు దున్ని, చదునుకు బల్ల తోలి, మఖ కార్తెలో నాటు వేశారు. అక్కడక్కడా తుంగ లేవకపోలేదు. వరసలో నడుస్తూ వేళ్లతో పీకేయడానికి సరిపోయేంత. వరి పొట్టకొచ్చే వేళకు గట్టు మీద పోయేవాళ్లు మళ్లీ ఆగి చూశారు. ఈసారి వంగి మొదళ్లు విడదీసి చూశారు.

మొండయ్య రోజూ కర్ర మీద వచ్చి గట్టున కూర్చునేవాడు. మడి దొర సాగులో కలపడం గురించి ఎవరూ ఎత్తలేదు. కానీ గడీ ఊరుకోనూ లేదు. ఆ యేడు మల్లక్క మగనికి చెరువులో చేపలు పట్టుకునే పని తీసేశారు. మొండయ్య ఇంటికి ఊరి మంగలి, చాకలి పోవద్దన్నారు. బక్కమ్మ తన బట్టలు తానే ఉతుక్కుంది. మొండయ్య గడ్డం పెరిగింది.

కోతలయ్యాక ఒక పొద్దు పాండురంగం వచ్చాడు. వాకిట్లోకి రాలేదు, దడి బయటే నిలబడ్డాడు.

"దొర కింది మళ్లల్ల తుంగ బాగ పడ్డది," అన్నాడు. "జనుము ఏద్దామంటాండు. ఇత్తనం నీ దగ్గర ఉన్నదట గద. పంపియ్యుమన్నడు, బక్కమ్మా."

గట్టు వెంట విత్తనానికని వదిలిన జనుము కాయలు ఎండి, గాలికి గలగలమంటూ వాకిట్లో చాప మీద ఉన్నాయి. బక్కమ్మ కర్రతో వాటిని కొడుతున్నది. మల్లక్క పక్కన కూర్చుని పొట్టు ఊదుతున్నది.

"ఇత్తనమైతే అడ్డెడు కొలిసిత్త," అంది బక్కమ్మ. "గుంటక ఎప్పుడు తోలాలెనో, ఎప్పుడు తొక్కాలెనో అది గూడ చెప్త. తొక్కుడుకు మాత్రం వెట్టికి ఎవ్వలం రాం. కూలి ఇస్తె వత్తం. లేదంటె దొరనే దిగమను."

పాండురంగం మల్లక్క వైపు చూశాడు. ఆమె ఊదడం ఆపి, అవునన్నట్టు తల ఆడించింది. అతను గడీకి తీసుకుపోవలసిన ఆ మాటను మోయలేనట్టు మెల్లగా వెనక్కి తిరిగాడు. బక్కమ్మ కర్ర ఎత్తి మళ్లీ కాయలు కొట్టసాగింది.